ప్లాంటు కట్టాక ఉద్యోగాలెక్కడ? ఒక తండ్రి ప్రశ్నకు జవాబు

ప్రశ్న: మాది రాయలసీమలో ఒక పల్లె. మా అబ్బాయి పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ చివరి సంవత్సరం చదువుతున్నాడు. సోలార్, గాలిమరల రంగంలోనే స్థిరపడతానంటున్నాడు. ఒక ప్రైవేటు యూనివర్సిటీలో 'రెన్యూవబుల్ ఎనర్జీ' పేరుతో కొత్త బీటెక్ ఉందట, అందులోనే చేరతానని పట్టుబట్టాడు. ఫీజుకు రెండున్నర ఎకరాల మెట్ట అమ్మాలి. మా ఊరి పక్కనే పెద్ద సోలార్ ప్లాంటు ఉంది. కట్టేటప్పుడు వందల మంది పనిచేశారు. ఇప్పుడు వాచ్‌మెన్లు, గడ్డి కోసేవాళ్లు, పలకలు కడిగేవాళ్లు తప్ప ఎవరూ కనిపించరు. ఈ రంగాన్ని నమ్మి పొలం అమ్మవచ్చా?

జవాబు: అమ్మకండి. ముందు ఆ మాట చెప్పేస్తే మీ టెన్షన్ కొంత తగ్గుతుంది, కారణాలు తర్వాత నిదానంగా మాట్లాడుకుందాం.

ప్లాంటు గురించి మీరు గమనించింది అక్షరాలా నిజమండి. చాలామంది కౌన్సెలర్లు ఈ మాట చెప్పరు, 'గ్రీన్ జాబ్స్' అని రంగుల బ్రోచర్ చేతిలో పెడతారు. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు సోలార్ కరెంటు యూనిట్ పది రూపాయల పైమాటే. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో అది రూపాయి 99 పైసలకు పడింది. పలకల ధర తగ్గడం అందులో ముఖ్య కారణం. అయితే ఆ ధరకు కరెంటు అమ్మే కంపెనీ ప్లాంటులో మనుషులను కూడా ఆచితూచే పెట్టుకుంటుంది. కట్టడానికి ఏడాది, ఏడాదిన్నర జాతర, ఆ తర్వాత పాతికేళ్లు నిశ్శబ్దం. ఉత్పత్తిని కనిపెట్టుకుని ఉండే ఇంజనీరు కూడా మీ ఊళ్లో ఉండనక్కర్లేదు. ఏదో నగరంలో స్క్రీన్ ముందు కూర్చుని ఒకేసారి పది ప్లాంట్లు చూస్తుంటాడు.

మరి మీవాడి మాట తప్పా? కాదు. 2021లో గ్లాస్గో సదస్సులో మన దేశం 2030 కల్లా బొగ్గు, గ్యాస్, చమురు కాని మార్గాల్లో 5 లక్షల మెగావాట్ల సామర్థ్యం తెస్తామని ప్రకటించింది. 2025 మధ్యకల్లా దేశంలోని మొత్తం విద్యుత్ సామర్థ్యంలో సగం ఇలాంటి వనరులదే అయింది. జలవిద్యుత్తు, అణువిద్యుత్తు కూడా ఈ లెక్కలో కలిసే ఉన్నాయి. వేగం గురించి అనుమానం అక్కర్లేదు.

కానీ మెగావాట్లు వేరు, యూనిట్లు వేరు. మెగావాట్లు ప్లాంటు సత్తా, యూనిట్లు నిజంగా తయారయ్యే కరెంటు. బొగ్గు ప్లాంటు రాత్రీ పగలూ తిరుగుతుంది. సోలార్ ప్లాంటు ఏడాది మొత్తం మీద తన సామర్థ్యంలో నాలుగోవంతు ఇస్తే బాగా ఇచ్చినట్టు. అందుకే సామర్థ్యంలో సగం దాటినా, తయారయ్యే యూనిట్లలో ఇప్పటికీ సింహభాగం బొగ్గుదే. మధ్యాహ్నం కరెంటు పొంగిపొర్లుతుంది, సాయంత్రం ఏడింటికి ఇళ్లలో లైట్లు, ఏసీలు వేసేసరికి సూర్యుడు ఉండడు. పైగా ఎండ, గాలి దండిగా ఉండేది రాజస్థాన్, గుజరాత్, రాయలసీమ లాంటి చోట్ల, వాడకం ఎక్కువగా నగరాల్లో. ప్లాంటు ఏడాదిన్నరలో లేస్తుంది, దాని కరెంటును మోసుకెళ్లే పెద్ద లైను మాత్రం భూమి, అనుమతులు, అడవి, కోర్టు కేసులు దాటి రావాలి. లైను లేక రాజస్థాన్‌లో తయారైన ప్లాంట్లే ఉత్పత్తి తగ్గించుకోవలసి వచ్చింది.

పని ఉన్నది అక్కడండి. కరెంటును మోసే తీగలో, సాయంత్రానికి దాచే ఏర్పాటులో. మీ ఊరి ప్లాంటులో పలకల వరుసలను కాక చివర ఉన్న సబ్‌స్టేషన్‌ను చూడమనండి. పలక నుంచి వచ్చే డీసీ కరెంటును ఇన్వర్టర్ మనం వాడే ఏసీ కరెంటుగా మారుస్తుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని 33 కేవీకి, అంటే 33 వేల వోల్టులకు పెంచుతుంది, పెద్ద పార్కుల్లో అది 220 కేవీకో ఇంకా పైకో ఎక్కి గ్రిడ్‌లో, అంటే కరెంటు మోసే పెద్ద లైన్ల వలలో కలుస్తుంది. ఆ దారిలో లోపాన్ని పసిగట్టే రిలేలు సెట్ చేసేవాళ్లు, వెంటనే కరెంటు తెంచే బ్రేకర్లు టెస్ట్ చేసేవాళ్లు, అన్నిటినీ కంప్యూటర్ మీద కనిపెట్టే స్కాడా చూసేవాళ్లు కావాలి. నాకు తెలిసినంతలో ఈ ప్రొటెక్షన్, టెస్టింగ్ పని బాగా వచ్చిన కుర్రాడు ఖాళీగా కూర్చోవడం అరుదు. సోలార్ తగ్గితే మెట్రో రైలు, అదీ కాకపోతే డేటా సెంటర్, సిమెంటు ఫ్యాక్టరీ. హై వోల్టేజీ తెలిసినవాడు అందరికీ కావాలి.

దాచడం మనవాళ్లకు కొత్తేం కాదు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో నీటిని తిరిగి పైకి తోడే రివర్సిబుల్ యూనిట్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇప్పుడు నంద్యాల జిల్లా పిన్నాపురంలో అదే సూత్రం మీద 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు వచ్చింది. పగలు ఎండ కరెంటుతో నీళ్లు పైకి, అవసరమైనప్పుడు కిందికి. టర్బైన్లు, సొరంగాలు, గేట్లు, మోటార్లు ఉన్న చోట మనుషులతో పని ఉంటుంది. వీటికి తోడు బ్యాటరీ ప్లాంట్లు కూడా పెరుగుతున్నాయి. ఇన్వర్టర్ల లాంటి వాటి చదువైన పవర్ ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లకు అది మంచి చోటు.

అందుకే 'రెన్యూవబుల్' పేరుతో ఉన్న బీటెక్ వద్దంటున్నాను. ఆ కోర్సు చెడ్డదని కాదు. పవర్‌గ్రిడ్, ఎన్టీపీసీ, ట్రాన్స్‌కో, ఇళ్లకు కరెంటు పంచే డిస్కంలు లాంటి సంస్థల ఉద్యోగ నోటిఫికేషన్లలో అర్హత దగ్గర సాధారణంగా ఎలక్ట్రికల్ అని ఉంటుంది. కొత్త పేరున్న డిగ్రీ దానికి సమానమా కాదా అని ప్రతిసారీ కాగితాలు పట్టుకు తిరగడం మీవాడికి ఎందుకు? డిప్లొమా వాళ్లకు ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. మంచి ర్యాంకు తెచ్చుకుంటే నేరుగా బీటెక్ రెండో సంవత్సరం ట్రిపుల్ఈలో, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచిలో చేరవచ్చు. ఒక ఏడాది మిగులుతుంది, ఫీజు భారమూ తగ్గుతుంది. సోలార్ ప్రత్యేక పాఠాలు ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ వేదికలో ఐఐటీ ప్రొఫెసర్లవే ఉచితంగా దొరుకుతాయి. పీవీసిస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఒక చోట ఏడాదికి ఎన్ని యూనిట్లు వస్తాయో అంచనా కట్టడం నేర్చుకుంటే డిజైన్ కంపెనీల్లో ఉపయోగం. ఇదంతా వేసవి సెలవుల్లో అయ్యే పని, దానికోసం నాలుగేళ్ల డిగ్రీ అక్కర్లేదు.

ఇప్పుడే చేయగలిగింది ఒకటుంది. డిప్లొమాలో ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటుంది కదా, మీ ఊరి పక్క ప్లాంటులోనే అడగమనండి. మొహమాటపడితే మీరే వెంట వెళ్లండి, ఊరివాళ్లన్న మర్యాద కొంత పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక పలకలు కడగడం చూసి వచ్చేయకూడదు. ఏ ఇన్వర్టర్ ఎన్నిసార్లు ట్రిప్ అయి ఆగిపోయింది, ఎందుకయింది, గ్రిడ్ వాళ్లు ఉత్పత్తి తగ్గించమన్నది ఏ గంటల్లో, ఇవి రాసుకోవాలి. ఇంటర్వ్యూలో ఆ నోట్‌బుక్ గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే చాలు.

ఈసెట్ కుదరక వెంటనే సంపాదించాల్సి వస్తే ఇళ్ల మీద సోలార్ చూడండి. నిజానికి మెగావాటుకు ఎక్కువ చేతులు కావాల్సింది అక్కడే. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల దాకా సబ్సిడీ ఉంది. ప్రతి ఇంటి కప్పూ వేరు, నీడ వేరు, మీటరు తంటాలు వేరు. ఎలక్ట్రికల్ పర్మిట్ తీసుకుని రెండేళ్లు ఎవరి దగ్గరైనా పనిచేస్తే సొంతంగా వ్యాపారం పెట్టుకోవచ్చు. జీతం మొదట్లో చిన్నగానే ఉంటుంది, దాన్ని చూసి కంగారుపడవద్దు.

గాలిమరల పని ఎత్తుకు భయపడనివాళ్లదే. వంద మీటర్ల టవర్ ఎక్కాలి, ఊళ్లు తిరగాలి. మీ ఇంట్లో దీనికి ఒప్పుకుంటారా అన్నది మీరే తేల్చుకోండి. పలకలు, సెల్స్ తయారుచేసే ఫ్యాక్టరీల్లో ఎక్కువ అవకాశం మెకానికల్, కెమికల్ పిల్లలకు.

ఇక ఆ రెండున్నర ఎకరాలు. పీఎం కుసుమ్ పథకంలో ఒక భాగం కింద, సబ్‌స్టేషన్‌కు ఐదు కిలోమీటర్ల లోపు ఉన్న మెట్ట, బీడు భూముల్లో రైతులు 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల దాకా ప్లాంటు పెట్టుకునే వీలు కల్పించారు. మెగావాటుకు నాలుగైదు ఎకరాలు పడుతుంది కాబట్టి మీ భూమి అర మెగావాటుకు సరిపోవచ్చు. పెట్టుబడి మాత్రం లక్షల్లో తేలేది కాదు. అంత పెట్టలేని రైతులు డెవలపర్‌కు లీజుకు ఇచ్చుకునే ఏర్పాటు కూడా అందులో ఉంది. మీ సబ్‌స్టేషన్ పరిధిలో ఇప్పుడు అవకాశం ఉందో లేదో డిస్కం ఆఫీసులో కనుక్కోండి. వెళ్లేటప్పుడు అబ్బాయిని కూడా తీసుకెళ్లండి, అక్కడి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) గారితో నాలుగు మాటలు వాడినే మాట్లాడనివ్వండి.