అంబులెన్సు మీద ఆ ఎర్ర ప్లస్ ఎందుకు వేయకూడదంటే

యుద్ధాల్లో ఆసుపత్రుల మీదే బాంబులు పడుతున్నాయి, ఇంక యుద్ధంలో గాయపడ్డవాళ్లనీ వైద్యం చేసేవాళ్లనీ కాపాడాలని దేశాలు రాసుకున్న ఈ జెనీవా ఒప్పందాలు ఉండీ ఏం లాభం అని మీలో ఒకరు అడిగారు. నేను లాయర్ని కాదు. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర రేడియం స్టిక్కర్ల షాపు నడుపుతున్నా. దీని గురించి నాకు తెలిసిందీ అక్కడే.

ఒకరోజు ఒక ప్రైవేటు అంబులెన్సు అద్దానికి ఎర్ర ప్లస్ అతికించి గాలి బుడగలు తీస్తున్నా. బైక్ నంబరు రాయించుకోడానికి వచ్చిన పెద్దాయన, ఆర్మీ మెడికల్ కోర్‌లో పనిచేసి రిటైరైన సుబేదారు, చూసి "పీకెయ్ నాయనా, అది నువ్వు వేసేది కాదు" అన్నాడు. ఊళ్లో ప్రతి డాక్టరు కారుకీ ఉంది కదా సార్ అన్నా, కొంచెం కోపంగానే. ఆయన రెండు వేళ్లతో ఎడమ చేతి కండ చుట్టూ గీత గీసి చూపించాడు: యుద్ధంలో వైద్య సిబ్బంది ఇక్కడ కట్టుకునే పట్టీ మీది గుర్తు అది, ఆ పట్టీ తడిసినా పాడవదు, దాని మీద సైన్యం ముద్ర ఉంటుంది.

ఆ రాత్రి కూర్చుని చదివా. ఆ ఎర్ర ప్లస్ రెడ్‌క్రాస్ గుర్తు, 1864లో మొదటి జెనీవా ఒప్పందం అప్పుడు స్విట్జర్లాండ్ జెండా రంగులు తిరగేసి పెట్టుకున్నారట. ఇక్కడ వైద్యం దొరుకుతుందని కాదు దాని అర్థం, ఇటు కాల్చొద్దని. మన దేశంలో 1960 చట్టం ప్రకారం కేంద్రం అనుమతి లేకుండా ఎవరూ వాడకూడదు, కానీ జరిమానా 500 రూపాయలే, అందుకే ఎవరికీ పట్టదు.

దూరం నుంచి తుపాకీ గురిపెట్టినవాడికి ఆలోచించే టైం ఉండదు, ఆ గుర్తు మీద వాడికి నమ్మకం ఉండాలి. 2008లో కొలంబియా సైన్యం సహాయ సంస్థ వాళ్లలా హెలికాప్టర్‌లో వెళ్లి గెరిల్లాల చెరలోని 15 మందిని విడిపించింది, మంచి పనే, కానీ ఆ సైనికుల్లో ఒకడు రెడ్‌క్రాస్ గుర్తు తొడుక్కున్నాడు. అధ్యక్షుడు ఉరిబే ఆ సంగతి ఒప్పుకుని క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే రేపు నిజమైన రెడ్‌క్రాస్ వాళ్లు వెళ్తే ఎదుటివాడు ఎలా నమ్ముతాడు?

మీ కోపం నాకూ ఉంది. 2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్‌లో డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సహాయ సంస్థ నడిపే ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడిచేస్తే 42 మంది చనిపోయారు. ఆసుపత్రి ఎక్కడుందో ఆ సంస్థ వాళ్లు అమెరికా సైన్యానికి ముందే జీపీఎస్ లెక్కలతో సహా ఇచ్చారు! 16 మంది మీద శాఖాపరమైన చర్యలతో సరిపెట్టారు, ఒక్కరి మీదా క్రిమినల్ కేసు లేదు. అది చట్టంలో లోపం కాదు, తప్పుచేసిన దేశమే తన వాళ్లకు తీర్పు చెప్పుకోవడంలో ఉంది లోపం. చట్టమే లేకపోతే ఆ విచారణ కూడా జరిగేది కాదు.

ఇప్పుడు అంబులెన్సులకు ఎర్ర ప్లస్ బదులు, అత్యవసర వైద్యానికి గుర్తుగా వాడే ఆరు రెక్కల నీలి నక్షత్రం వేస్తున్నా. కొందరు ఒప్పుకోక పక్క షాపుకి పోతారు, పోనీ. మీ బండికి ఎర్ర ప్లస్ ఉంటే హెయిర్ డ్రయ్యర్‌తో వేడిచేసి మూల నుంచి నిదానంగా లాగండి, మిగిలిన గమ్ము కిరోసిన్ గుడ్డతో తుడిస్తే పోతుంది.