బాబుకి చెరువు రాకాసి భయం: ఇలా చేసి చూడండి

స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే రాకాసి ఫొటో చూసినప్పటి నుంచి మీ ఎనిమిదేళ్ల బాబు బెంగళూరు హలసూరు చెరువు గట్టుకి కూడా రానంటున్నాడని రాశారు కదండీ. "అలాంటివేం లేవు, ఊరుకో" అని మాత్రం కసరకండి. భయం లోపలే ఉండిపోతుంది.

ముందు ఆ ఫొటో గుట్టు చెప్పండి. 1934లో లండన్ పేపర్లో వచ్చిందది. ఆటబొమ్మ జలాంతర్గామికి తల, మెడ అతికించి తీశామని, చేసినవాళ్లలో ఒకాయన ఒప్పుకున్న సంగతి 1994లో బయటికొచ్చింది. ఆటబొమ్మ అని వినగానే మా పాపకి సగం భయం పోయింది.

ఆ స్కాట్లాండ్ సరస్సు లోతు 200 మీటర్లకు పైనే, నీళ్లు నల్లగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే అలైనా దుంగైనా జంతువులా అనిపిస్తుంది. 2018లో నీల్ గెమ్మెల్ అనే శాస్త్రవేత్త బృందం ఆ నీళ్లలో జీవులు వదిలిన డీఎన్‌ఏ వెతికితే రాకాసి అదేనేమో అనుకున్న సరీసృపాల (పాము, మొసలి లాంటివి) జాడే లేదు. పాముల్లా పొడుగ్గా ఉండే ఈల్ చేపలదే బోలెడు దొరికింది.

తర్వాత ఓ ఆదివారం పొద్దున్నే చెరువుకి తీసుకెళ్లండి. పడవ ఎక్కమని బలవంతం చేయొద్దు. గట్టు మీద కూర్చోబెట్టి, నీళ్లలో కదిలేదేమిటో వాణ్ణే చెప్పనివ్వండి. కొంగా, నీటికాకా, తేలే కొమ్మా అని. మా పాప మూడో వారానికి తనే పడవ ఎక్కుతానంది.