దూరం చెప్పకుండా అయస్కాంతం మాట ఎత్తకు

తిరుపతి

చి. మాధవికి,

మందు మోసే ఇనుప నానో కణాలను అయస్కాంతంతో గడ్డ దగ్గరికి లాగడం గురించి నువ్వు రాసిన వ్యాసం చిత్తుప్రతి చదివాను. (ఈ ఉత్తరంలో ‘కణం’ అంటే ఆ ఇనుప రేణువే, జీవకణం కాదు.) వాక్యం నీ చేతికి బాగానే లొంగుతోంది. నా దిగులంతా మొదటి పేరాతోనే. ‘ఒంటి మీద అయస్కాంతం పెడితే మందు నేరుగా క్యాన్సర్ గడ్డ దగ్గరికి పోతుంది’ అని తేల్చేశావు. అంత సులువే అయితే కీమో వార్డులు ఎప్పుడో ఖాళీ అయ్యుండేవి.

ముందు దూరం రాయి. చిన్న అయస్కాంతం నుంచి కాస్త ఎడంగా జరిగాక, దూరం రెట్టింపైతే అయస్కాంత క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. లాగే బలం పదహారో వంతుకు పడుతుంది, అదీ కణాలు పూర్తిగా అయస్కాంతీకరణ చెంది ఉంటేనే. కణాన్ని కదిలించేది ఉత్త క్షేత్రబలం కాదు, చోటు మారేకొద్దీ ఆ క్షేత్రం ఎంత వేగంగా మారుతోందన్నది. అందుకే చర్మం కింద ఉన్న గడ్డ సంగతి వేరు, పొట్ట లోపల క్లోమంలో ఉన్న గడ్డ సంగతి వేరు. పైగా రక్తం ఊరుకోదు. బృహద్ధమనిలో సెకనుకు పదుల సెంటీమీటర్లు పరిగెడుతుంది. కేశనాళికల్లో మిల్లీమీటరు లోపే. కణాలు పట్టుబడేది అక్కడే. 1996లో జర్మనీ వైద్యులు 14 మంది క్యాన్సర్ రోగులకు ఎపిరుబిసిన్ అనే కీమో మందును ఇలా ఇచ్చి చూశారు. సుమారు సగం మందిలోనే అది గడ్డ దాకా చేరింది. ఈ ‘సగం’ నీ వ్యాసంలో తప్పక ఉండాలి.

కణం తయారీని రెండు వాక్యాల్లో దాటేశావు. అసలు రుచి అక్కడే ఉంది, ఇంకాస్త ఆగు. ఫెర్రిక్, ఫెర్రస్ అనే రెండు రకాల ఇనుప లవణాలను 2:1 పాళ్లలో నీళ్లలో కలిపి, నైట్రోజన్ వాయువు పంపుతూ, గట్టిగా తిప్పుతూ అమ్మోనియా పోస్తారు. ద్రావణం చూస్తుండగానే నల్లబడుతుంది. నలుపు బదులు గోధుమరంగు తేలిందంటే గాలి చొరబడి ఇనుము ఆక్సీకరణ చెందిందన్నమాట. కణం నడిమి ఐరన్ ఆక్సైడ్ గర్భం 10 నానోమీటర్ల (నానోమీటరు అంటే మిల్లీమీటరులో పదిలక్షో వంతు) దగ్గర ఉంటే, అయస్కాంతం తీసేయగానే కణంలోని అయస్కాంతత్వమూ పోతుంది. 30 దాటితే అది నిలిచిపోయి, కణాలు ఒకదాన్నొకటి పట్టుకుని ముద్ద కడతాయి. ముద్ద సన్న రక్తనాళంలో అడ్డం పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైన డెక్స్‌ట్రాన్ (ఒక రకం చక్కెర గొలుసు) లాంటి పూత లేకపోతే రక్తంలోని ప్రొటీన్లు అంటుకుంటాయి, కాలేయమూ ప్లీహమూ నిమిషాల్లో వాటిని ఏరేస్తాయి.

మందు సంగతికొస్తే, డాక్సోరుబిసిన్ అనే కీమో మందును పూతకు ఊరికే అంటిస్తే దారిలోనే రాలిపోతుంది. ఆ తర్వాత అయస్కాంతం లాగేది ఖాళీ బండినే. అందుకే ఆమ్లంలో తెగే హైడ్రజోన్ అనే రసాయన బంధంతో కడతారు. పరీక్ష ఇలా ఉంటుంది: కణాలను ఆపి మందును మాత్రం వదిలే డయాలసిస్ సంచుల్లో పోసి, 37 డిగ్రీల దగ్గర, ఒకటి రక్తంలాంటి పీహెచ్ 7.4 ద్రావణంలో, ఇంకొకటి ఆమ్లపు పీహెచ్ 5లో ఉంచి, గంట గంటకూ ఎంత మందు బయటికొచ్చిందో కొలుస్తారు. మొదటిదాంట్లోనే సగం వచ్చేస్తే ఆ తయారీ పనికిరాదు.

ఇక ‘ఎమ్మారైలో కణాలు మెరుస్తాయి’ అన్న వాక్యం కొట్టేయి. మెరిపించేది గాడోలినియం, స్కాన్‌కు ముందు ఎక్కించే వేరే లోహపు మందు. ఇలాంటి ఇనుప కణాలు చేరినచోట టీ2 అనే రకం ఎమ్మారై చిత్రంలో నల్లమచ్చ పడుతుంది. పాత నెత్తురు, గాలి, కాల్షియం కూడా నల్లగానే కనిపిస్తాయి. అందుకే సూది వేయకముందు తీసిన స్కాన్ పక్కన లేకుండా ఆ మచ్చను నమ్మకూడదు.

అదే యంత్రం లాగుతుంది, అదే ఫొటో తీస్తుంది అన్నావు. ఎమ్మారై అయస్కాంతం మధ్యలో క్షేత్రం ఎంత సమంగా ఉంటే చిత్రం అంత బాగా వస్తుంది. సమంగా ఉంటే లాగదు. లాగాల్సింది గ్రేడియంట్ కాయిల్సే, అంటే చోటు మారేకొద్దీ క్షేత్రాన్ని మార్చే తీగచుట్టలే. 2007లో మాంట్రియల్ పరిశోధకులు వాటితోనే బతికున్న పంది మెడ ధమనిలో ఒకటిన్నర మిల్లీమీటర్ల లోహపు గోళీని నడిపారు. అబ్బురమే! కానీ గోళీ ఘనపరిమాణాన్ని 10 నానోమీటర్ల కణంతో భాగించి చూడు, మూడువేల లక్షల కోట్ల రెట్లు పైనే తేలుతుంది. బలం ఆ లెక్కనే తగ్గుతుంది.

నీ చిత్తూరు పాఠకుల్లో రాయవేలూరుకు కీమో కోసం పోయివచ్చేవాళ్లూ ఉంటారు. ‘ఇది ఎక్కడ ఇస్తారు?’ అని అడుగుతారు. అయస్కాంతంతో మందును లాగే పద్ధతి ఇంకా ఆసుపత్రుల్లో మామూలు చికిత్స కాలేదని మొదటి పేరాలోనే చెప్పు, చివర్న చిన్నక్షరాల్లో కాదు. మెదడు గడ్డలోకి నేరుగా ఇనుప కణాలు ఎక్కించి, మారే క్షేత్రంతో వేడి చేసే చికిత్సకు 2010లో ఐరోపాలో అనుమతి వచ్చింది. అది వేరే పని, దీంతో కలపకు.

బొమ్మలో ఆ ఎర్ర బాణం తీసేసి, అయస్కాంతం అంచు నుంచి గడ్డ దాకా సెంటీమీటర్ల గీత పెట్టు. తిరగరాశాక యూనివర్సిటీలో ఒక ఫిజిక్స్ మాస్టారికి, ఏదైనా స్కాన్ సెంటర్లో ఒక ఎమ్మారై టెక్నీషియన్‌కు చూపించు. ఇద్దరూ వేర్వేరు తప్పులు పడతారు. అవి దిద్ది నాకు పంపు.

ఆశీస్సులతో