పాత్రలు వెక్కిరించాయా, వెక్కిరించారా?

సందేహం: మాది నల్లకుంట. మా అపార్ట్‌మెంట్‌లో ఉగాదికి వేసే నాటిక ఈసారి నేను రాశాను. అందులో పాత్రలు మధ్యమధ్యలో ఆగి "ఈ డైలాగు ఎవడు రాశాడ్రా బాబూ" అనీ, "రెండో సీన్‌లో పోయిన మామయ్య నాలుగో సీన్‌లో కాఫీ ఎలా తాగుతున్నాడు" అనీ నా కథనే ఎగతాళి చేస్తుంటాయి. వాట్సాప్ ఆహ్వానంలో "పాత్రలు తమ కథను తామే వెక్కిరించుకున్నారు" అని పెట్టాను. మా బ్లాకులో ఉండే రిటైర్డ్ తెలుగు మాస్టారు దాన్ని "వెక్కిరించుకున్నాయి" అని దిద్దారు. అది చదివి మా ఆవిడ "సింకులో గిన్నెలు వెక్కిరించినట్టుంది" అంటోంది. ఏది ఒప్పు? ఇలా పాత్రలే తమ కథను తీసిపారేయడాన్ని తెలుగులో ఏమంటారు? "ఆత్మవిమర్శ" అనొచ్చా?

సమాధానం: మాస్టారు దిద్దిందే ఒప్పు. అయినా మీ ఆవిడ మాట కొట్టిపారేసేది కాదు, దానికీ వస్తాను.

వ్యాకరణం పుస్తకం తీయకుండానే తేల్చుకునే చిట్కా ఒకటుంది. లెక్కపెట్టి చూడండి. మీ నాటికలో "నాలుగు పాత్రలు" ఉన్నాయంటారా, "నలుగురు పాత్రలు" ఉన్నారంటారా? నాలుగే అంటారు. అంకె మనుషుల అంకె కానప్పుడు క్రియ మాత్రం మనుషుల క్రియ ఎలా అవుతుంది? కాబట్టి పాత్రలు వెక్కిరించాయి, నవ్వాయి, ఏడ్చాయి. అదే "పాత్రధారి" అనండి, అంకె వెంటనే మారిపోతుంది: నలుగురు పాత్రధారులు వచ్చారు. కానీ వాళ్లు మేకప్ వేసుకున్న మీ పొరుగువాళ్లు. కథను వెక్కిరించే పని వాళ్లది కాదు, పాత్రలది.

చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో స్త్రీలు, జంతువులు, జడపదార్థాలు కానివాటిని మహత్తులన్నాడు. మిగిలినవన్నీ అమహత్తులు. ఆడవాళ్లను తీసుకెళ్లి గిన్నెల పక్కన కూర్చోబెట్టాడేమిటని ఇప్పటి పిల్లలు క్లాసులో అడుగుతారు, అడగాలి కూడా. అయితే ఆయన కొత్తగా చేసిన అన్యాయం కాదది. "అమ్మ వచ్చింది", "బస్సు వచ్చింది" అని ఏకవచనంలో ఇద్దరికీ ఒకే క్రియ వాడే అలవాటు మన నోటిదే. అందుకే "ఒక పాత్ర ఇలా అంటుంది" అన్నప్పుడు మన చెవికేమీ ఎబ్బెట్టుగా ఉండదు. "ఆమె అంటుంది" లాగే సాఫీగా వెళ్లిపోతుంది. బహువచనానికి వచ్చేసరికి అమ్మలు "వచ్చారు" వైపు వెళ్తారు, బస్సులు "వచ్చాయి" వైపు పోతాయి. మీ ఆవిడకు గిన్నెలు కనబడింది ఈ మలుపులోనే. పాత్ర అంటే గిన్నె అనే అర్థం కూడా ఉండనే ఉంది. సంస్కృతంలో నాటకంలోని వేషానికీ, నీళ్లు పోసుకునే కుండకూ "పాత్రం" అన్నది ఒకటే మాట, రెండూ నపుంసకమే.

ఇలాంటి మాటలు ఎప్పటికీ గిన్నెల వరసలోనే ఉండిపోవాలని లేదు. "వ్యక్తి"ని చూడండి. సంస్కృతంలో అది స్త్రీలింగం, అర్థం వ్యక్తం కావడం. తెలుగులోకి వచ్చి నిక్షేపంగా మనిషైపోయింది: "ఒక వ్యక్తి వచ్చాడు, ఇద్దరు వ్యక్తులు వచ్చారు." అదే మనిషిని విసుక్కుంటూ "ఆ శాల్తీ మళ్లీ వచ్చింది" అంటే గిన్నెల వరసలో నిలబెట్టేస్తాం. పాత్రకు ఇంకా ప్రమోషన్ రాలేదు. వచ్చే రోజున "నలుగురు పాత్రలు" అని మన పిల్లలే అంటారు, అప్పుడు నేనూ ఒప్పుకుంటాను.

ఒక పాత్రకు పేరు పెట్టామంటే మాత్రం వెంటనే మనిషే. తోలుబొమ్మలాటలో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. "బొమ్మలు ఆడుతున్నాయి" అంటాం. కానీ రాముడి కథ నడుస్తుండగా మధ్యలో దూరి అల్లరి చేసే ఆ తోలుముక్కను "కేతిగాడు వచ్చాడు" అంటామే తప్ప "కేతిగాడు వచ్చింది" అనం. కేతిగాడూ బంగారక్కా కలిసి వస్తే "వచ్చారు".

చాలా ఏళ్ల కిందట చిక్కడపల్లిలో చూసిన ఒక పౌరాణిక నాటకం గుర్తొస్తోంది. ద్రౌపదీ వస్త్రాపహరణం నడుస్తోంది. దుశ్శాసనుడు లాగుతున్నాడు, లాగుతూనే ఉన్నాడు. తెర పక్కనుంచి చీర మీద చీర వస్తూనే ఉంది. ఫ్యాను గాలి ఒక్కటీ వేదిక దాకా రావడం లేదు. చెమటకు మీసం ఒకవైపు ఊడి వేలాడుతోంది. ఉన్నట్టుండి అతను చీర వదిలేసి, నడుం మీద చేయి పెట్టుకుని, హాలు వైపు తిరిగి "ఇన్ని గజాలు రాసినాయన్ని పిలవండయ్యా, ఆయనే వచ్చి లాగుతాడు" అన్నాడు. హాలంతా గొల్లుమంది. ద్రౌపది కూడా నవ్వు ఆపుకోలేక పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. బయటికొచ్చాక ఇరానీ హోటల్లో చాయ్ తాగుతూ మేమంతా అన్నమాట ఒకటే: "దుశ్శాసనుడు భలే అన్నాడు." దుశ్శాసన పాత్ర భలే అందని ఒక్కరూ అనలేదు.

ఇక "వెక్కిరించుకున్నాయి" చివర చేరిన ఆ "కొను" సంగతి. "వెక్కిరించుకున్నాయి" అంటే ఒకరినొకరు అనే అర్థం కూడా వస్తుంది. పిల్లలు వెక్కిరించుకున్నారు అంటే నువ్వు నన్ను, నేను నిన్ను అనే కదా. "తమ కథను" అని ముందే ఉంది కాబట్టి మీ వాక్యంలో తికమక తక్కువే. అయినా "తమ", "తామే", "కొను" అని ఒకే చుట్టరికాన్ని మూడుసార్లు చెప్పడం దేనికి? "తమ కథనే వెక్కిరించాయి" చాలు.

ఇప్పుడు పేరు. వెక్కిరింత, ఎగతాళి, ఎద్దేవా ఒకటి కావు. వెక్కిరింతలో మూతి తిప్పడం ఉంది, అవతలివాడి తీరును అనుకరించి చూపడం ఉంది. ఎగతాళి నవ్వులాట. ఎద్దేవా నలుగురిలో చులకన చేయడం. మీ పాత్రలు చేసేది నాకు తెలిసినంతలో ఎగతాళి. ఒక పాత్ర మీ డైలాగునే దీర్ఘాలు తీసి మళ్లీ చెప్పిందనుకోండి, అప్పుడు నికార్సయిన వెక్కిరింత.

"ఆత్మవిమర్శ" ఇక్కడ అతకదు. మామయ్యను చంపి కాఫీ ఇచ్చింది మీరు. తప్పు మీది, మాట పాత్రది. తన తప్పు తను ఒప్పుకుంటేనే ఆత్మవిమర్శ. ఆ మాటను పాత్ర నోట్లో పెట్టిందీ మీరే కాబట్టి మీ వైపునుంచి చూస్తే అనొచ్చేమో గానీ, ఆహ్వానంలో అంత బరువైన మాట పెడితే జనం సంతాపసభ అనుకుంటారు.

దీనికి శాస్త్రం పెట్టిన పేరు వెతకడం కన్నా మన సామెతల్లో వెతకడం మేలు. పాత్ర వైపునుంచి చూస్తే ఇది తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం. పుట్టించి, మాట ఇచ్చి, వేషం కట్టించిన కథలోనే నిలబడి దాని దూలాలకు పట్టిన చెద చూపిస్తుంది. రచయిత వైపునుంచి చూస్తే ముందరి కాళ్లకు బంధం వేయడం. లోపాన్ని నేనే ఎత్తి చూపేశాను, ఇక మీరేం అనగలరు అని ప్రేక్షకుడి నోరు ముందే కట్టేస్తాడు. ఈ రెండోది చాలా పాత విద్య. కాళిదాసు నాటకం మాళవికాగ్నిమిత్రం ప్రస్తావనలో, అంటే అసలు కథకు ముందొచ్చే సంభాషణలో, సూత్రధారుడి సహాయకుడైన పారిపార్శ్వికుడు అతన్నే నిలదీస్తాడు: భాసుడూ సౌమిల్లుడూ లాంటి పేరున్నవాళ్లుండగా ఇప్పటి కవి నాటకం వేయడమేమిటని. పాతదైతే చాలు మంచిదే అనుకోవద్దు, కొత్తదైతే చాలు చెడ్డదే అనుకోవద్దు అని సూత్రధారుడి జవాబు. విమర్శకుడు నోరు తెరవకముందే బంధం పడిపోయింది.

లోపం నిజంగా ఉన్నప్పుడు ఏం చేయాలో స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ చూపించాడు. డాన్ క్విక్సోట్ మొదటి భాగం 1605లో వచ్చింది. అందులో కథానాయకుడి సేవకుడు సాంచో గాడిద దొంగతనం విషయంలో పొంతన తప్పింది. 1615లో వచ్చిన రెండో భాగంలో పాత్రలే ఆ మొదటి పుస్తకం గురించి మాట్లాడుకుంటూ గాడిద సంగతి ఏమైందని సాంచోనే అడుగుతాయి. ("అడుగుతాయి" అని రాశానా? పేర్లు చెప్పి ఉంటే "అడుగుతారు" అనే రాసేవాణ్ణి.) మీ మామయ్యకు కాఫీ ఇవ్వడం కూడా ఆ గాడిద కోవలోదే.

మన దగ్గర ఈ పని చేయడానికి ఒక్క "కథ" అనే మాట చాలు. గురజాడ కన్యాశుల్కం చివర గిరీశం "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అంటాడు. అతని ఉద్దేశంలో కథంటే తన పన్నాగం. హాల్లో కూర్చున్నవాడికి మాత్రం తను ఇంతసేపూ చూసిన నాటకం కూడా వినిపిస్తుంది. మన హైదరాబాద్ సిటీ బస్సులో టికెట్ తీసుకోనివాణ్ణి కండక్టర్ "కతలు పడకు" అని గదిమితే అక్కడ కత అంటే నాటకాలాడటం. నిఘంటువులు కథకు వికృతి "కత" అంటాయి. మన వీధిలో ఆ కత ఒట్టి పలుకు మారిన కథ మాత్రమే కాదు, సొంత అర్థం సంపాదించుకుంది. మీ నాటికలో ఎవరైనా కాఫీ తాగుతున్న మామయ్యను చూసి "ఏం కతలు పడుతున్నావ్ మామా" అంటే ఆయన్నీ అన్నట్టుంటుంది, మిమ్మల్నీ అన్నట్టుంటుంది.

ఆహ్వానం సంగతి. మాస్టారితో గొడవ లేకుండా, ఇంట్లో టెన్షన్ లేకుండా ఇలా పెట్టండి: "తమ కథనే ఎగతాళి చేసే పాత్రలు". "చేసే" అన్న రూపానికి లింగం లేదు, వచనం లేదు. గిన్నెలకూ మనుషులకూ ఒకటే. మీ డైలాగును "ఈ సంభాషణ ఎవరు వ్రాసినారు" అని ఎవరైనా దిద్దబోతే మాత్రం కాగితం లాక్కోండి. అక్కడ "ఎవడు రాశాడ్రా బాబూ" అన్నదే ఒప్పు.