ఎంపీ లెక్క రాసేముందు

చిరంజీవి బాబుకు పెదనాన్న ఆశీస్సులు.

మన లోక్‌సభ సభ్యుడి పనితీరు లెక్క రాయబోతున్నావని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. నేను తప్పటడుగు వేసిన చోటు ముందు చెబుతాను. ఒకాయన పేరు పక్కన హాజరు ఖాళీగా కనబడితే, నలుగురిలో "ఈయన సభ గడపే తొక్కలేదు" అనేశాను. తీరా చూస్తే ఆయన అప్పుడు మంత్రి. మంత్రులు హాజరు వేసుకోనక్కర్లేదు. మళ్ళీ ఆ నలుగురి దగ్గరికీ వెళ్ళి నా మాట తప్పని చెప్పాను. మిగతా సభ్యుల హాజరైనా ఆ రోజు వచ్చారనే చెబుతుంది, ఎంతసేపు కూర్చున్నారో చెప్పదు. అందుకని హాజరు పక్కనే వాళ్ళడిగిన ప్రశ్నలూ రాసుకో. ఎన్ని అన్నది కాదు, ఒక్కో ప్రశ్నా చదువు.

ఓటు దగ్గర ఇంకా జాగ్రత్త. చాలా బిల్లులు అవును, కాదు అని నోటితో చెప్పే మూజువాణి ఓటుతో గట్టెక్కుతాయి, ఎవరు ఎటన్నారో పేర్లతో నమోదు కాదు. డివిజన్, అంటే ఓట్లు లెక్కపెట్టడం జరిగితేనే ఆ వివరం దొరుకుతుంది. అప్పుడు కూడా పార్టీ విప్, అంటే ఇటే ఓటెయ్యాలన్న ఆదేశం ఉంటుంది. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం విప్ ధిక్కరిస్తే పదవే పోవచ్చు. అందుకే చర్చలో ఏం మాట్లాడాడు, సవరణ ఏదైనా ప్రతిపాదించాడా అన్నది చూడు. నా మటుకు నాకు ఓటు కన్నా అదే ముఖ్యం.

ఇక డబ్బు. నామినేషన్‌తో ఇచ్చిన ఆస్తుల అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. వరుసగా రెండు ఎన్నికలవి పక్కపక్కన పెట్టు. మొత్తం ఎన్ని రెట్లు పెరిగిందో చూసి గుండెలు బాదుకోకు. స్థిరాస్తుల పట్టికలో సర్వే నంబర్లు ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ రా. పాత నంబరే ఉండి విలువ పెరిగితే, అది చాలావరకు భూమి ధర పెరగడమే. కొత్త నంబరు కనబడితే ఆగు. ఎప్పుడు కొన్నారు, ఎంతకు కొన్నారు అన్న గడులు అక్కడే ఉంటాయి. ఆ మొత్తాన్ని ఐదేళ్ళ ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయంతో, అప్పుల పట్టికతో సరిచూడు. భార్య, ఆధారపడ్డవాళ్ళ గడులు వదిలెయ్యకు, అసలు కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఎంపీ లాడ్స్, అంటే నియోజకవర్గంలో పనులకు ఎంపీ పేరున కేటాయించే నిధి కింద ఏడాదికి 5 కోట్లు అంటారు గానీ, ఆ డబ్బు ఆయన చేతికి రాదు. పనులు ఆయన సిఫార్సు చేస్తే మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. ఆ పనుల జాబితా కోసం 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, 30 రోజుల్లో జవాబివ్వాలి. జాబితా వచ్చాక ఒకటి రెండు పనులైనా స్వయంగా వెళ్ళి చూసిరా.

అంతా రాశాక, బయట పెట్టేముందు ఒక కాపీ ఆయన కార్యాలయానికి స్పీడ్ పోస్టులో పంపి, వివరణ అడుగు. ఇస్తే ఉన్నదున్నట్టు జతచెయ్యి.

పోయిన రెండు ఎన్నికల అఫిడవిట్ల ప్రింట్లు ఈ ఉత్తరంతో పంపుతున్నాను. పెన్సిల్ గీతలు నావి, వాటిని నమ్మకుండా మళ్ళీ నువ్వే లెక్కేసుకో.

మీ పెదనాన్న