డిజైన్ రాకపోతే ఫ్యాషన్‌లో చోటు లేదా?

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట దగ్గర ఒక ఊరు. ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతున్నా. అమ్మ ఇంట్లోనే జాకెట్లు, డ్రెస్సులు కుడుతుంది. హుక్స్, హెమ్మింగ్, చీరలకు ఫాల్ వేయడం చిన్నప్పటి నుంచి నా పనే. ఫ్యాషన్ రంగంలోకి పోవాలని ఉంది కానీ బొమ్మలు వేయడం నాకు రాదు. ప్రొడక్షన్ మేనేజ్‌మెంట్ చదవొచ్చని మా సీనియర్ చెప్పింది. బాపు మాత్రం "ఎంపీసీ చదివి మళ్లీ కుట్టుడు పనికేనా, ఇంజినీరింగ్‌లో చేరు" అంటున్నాడు. అందులో అసలు ఏం నేర్పుతారు? మన దగ్గర ఉద్యోగాలు ఉంటాయా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లీ, మా ఇంట్లో కూడా ఇదే మాట అన్నారు, అందుకే ముందు బాపు సంగతే మాట్లాడుకుందాం. అమ్మ ఒక జాకెట్ కుడితే కొలతలు తీసుకోవడం దగ్గర్నుంచి హుక్స్ దాకా అన్నీ ఆ ఇంట్లోనే అయిపోతాయి. ఫ్యాక్టరీలో ఒక షర్టు ముప్పై నలభై మంది చేతులు మారుతుంది, ఒకామె పొద్దంతా కాలరే కుడుతుంది, ఇంకొకామె జేబులే అతికిస్తుంది, మధ్యలో ఒక్క మిషన్ దగ్గర పని నెమ్మదిస్తే అక్కడ బండిల్స్, అంటే కత్తిరించిన ముక్కల కట్టలు, గుట్టపడతాయి, ఆ తర్వాత కూర్చున్న వాళ్లందరికీ పని ఉండదు. ఆ లైన్ ఆగకుండా చూడటమే నువ్వు చదవబోయే చదువు. బాపుకు చెప్పు, ఇది కూడా ఇంజినీరింగే.

లెక్క ఎలా ఉంటుందో చూడు. ఒక షర్టు కుట్టడానికి మొత్తం 12 నిమిషాలు పడుతుందని లెక్కగట్టారనుకో, దాన్ని ఫ్యాక్టరీలో సామ్ అంటారు. లైన్‌లో 30 మంది, 8 గంటల షిఫ్టు, అంటే చేతిలో 14,400 నిమిషాలు. పన్నెండుతో భాగిస్తే 1,200 షర్టులు రావాలి. సాయంత్రానికి 700 వచ్చాయి, ఎఫిషియెన్సీ 58 శాతం. మరి ఆ 500 ఏమైనట్టు? కటింగ్ నుంచి బండిల్స్ ఆలస్యంగా వచ్చి ఉండొచ్చు, దారం రంగు కలవక ఒక గంట మిషన్లు ఆగి ఉండొచ్చు, కొత్తగా చేరిన అమ్మాయిని కష్టమైన ఆపరేషన్ మీద కూర్చోబెట్టి ఉండొచ్చు. కారణం వెతికి పట్టుకునేది ఐఈ విభాగం, అంటే ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్. ఎంపీసీ పిల్లలు బాగా కుదురుకునేది అక్కడే.

ఇది కాక బట్ట ఎంత పడుతుందో లెక్కగట్టడం, మార్కర్ వేయడం, అంటే బట్ట వృథా కాకుండా ముక్కలను అమర్చి గీయడం, లేయర్లు పరిచి కత్తిరించడం, క్వాలిటీ, ఫినిషింగ్, షిప్‌మెంట్ తేదీ నుంచి వెనక్కి లెక్కేసి ఏ పని ఏ రోజుకు కావాలో రాసుకోవడం, ఇవన్నీ నేర్పుతారు. ఇందులో బట్ట లెక్కను మాత్రం ఎప్పుడూ చిన్నచూపు చూడకు, బట్ట ఖర్చే అన్నిటికన్నా పెద్దది.

నేను ట్రైనీగా ఉన్న ఫ్యాక్టరీలో ఒకసారి కాటన్ బట్ట ఉతికితే ఎంత కుదించుకుపోతుందో సరిగా చూడకుండానే కటింగ్‌కు పంపారు. వాష్ అయ్యాక కొలిస్తే పొడవు తగ్గింది, మూడు వేల పీసులు పక్కన పెట్టాల్సి వచ్చింది. ఆ రాత్రి వాటి ముందు నిలబడితే ఏడుపొచ్చింది నాకు, ఎందుకంటే వాటిని కుట్టిన ఆడవాళ్ల తప్పు అందులో వీసమంత కూడా లేదు. ఇప్పుడు చెప్పు, నువ్వు చీరకు ఫాల్ వేసే ముందు ఆ ఫాల్‌ను నీళ్లలో నానబెట్టి ఆరేయవా? ఎందుకో నీకు ఇప్పటికే తెలుసు. నాతో చదివిన చాలామందికి పుస్తకంలో చూసేదాకా తెలియదు.

ఇక చదువు. నిఫ్ట్, అంటే నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ, 1986లో ఢిల్లీలో మొదలైంది, హైదరాబాద్ క్యాంపస్ 1995 నుంచి మాదాపూర్‌లో ఉంది. అక్కడి బీఎఫ్‌టెక్, అంటే అపారెల్ ప్రొడక్షన్, నాలుగేళ్ల కోర్సు. ఇంటర్‌లో మ్యాథ్స్ ఉండాలి. డిజైన్ కోర్సులకు పెట్టే డ్రాయింగ్ పరీక్ష దీనికి లేదు, లెక్కలు, ఇంగ్లిష్, తర్కం, జీకే చూస్తారు. ఫీజు లక్షల్లోనే అవుతుంది, ఆ మాట ఇంట్లో ముందే మాట్లాడుకోండి. బాపు అప్పటికీ ఒప్పుకోకపోతే గొడవ పెట్టుకోకు. బీటెక్ చేసి, తర్వాత నిఫ్ట్‌లోనే ఎంఎఫ్‌టెక్‌కు, అంటే దీని పీజీకి, పోవచ్చు. ఉస్మానియా టెక్నాలజీ కాలేజీలో టెక్స్‌టైల్ టెక్నాలజీ బీటెక్ ఉంది, అది కూడా మంచి దారే.

ఉద్యోగాల సంగతికొస్తే, 1934లో పెట్టిన ఆజంజాహి బట్టల మిల్లు గురించి మీ ఊళ్లో పెద్దవాళ్లను అడుగు, దాని సైరన్ తలుచుకునే వాళ్లు వరంగల్‌లో ఇంకా ఉన్నారు. అది మూతపడ్డాక మనవాళ్లు చాలామంది సూరత్, భీవండి పట్టారు. ఇప్పుడు మీకు దగ్గర్లోనే, గీసుగొండ, సంగెం మండలాల్లో, 2017లో శంకుస్థాపన చేసిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. కేరళ నుంచి కిటెక్స్, కొరియా నుంచి యంగ్‌వన్ అనే దుస్తుల కంపెనీలు వచ్చాయి. సిరిసిల్ల దగ్గర పెద్దూరులో అపారెల్ పార్కు ఉంది. అయినా మొదటి రెండు మూడేళ్లు బెంగళూరుకో తిరుప్పూరుకో పోవడానికి సిద్ధంగా ఉండు. రకరకాల బట్టలు, రకరకాల ఆర్డర్లు అక్కడ చూసినంతగా ఇక్కడ ఇంకా దొరకవు.

కష్టాలు కూడా చెప్పాలి. పొద్దంతా నిలబడాలి. షిప్‌మెంట్ వారం వస్తే ఇంటికి ఎప్పుడు చేరతావో తెలియదు. మొదట్లో జీతం సాఫ్ట్‌వేర్ వాళ్లంత ఉండదు. నేను పనిచేసిన చోట్ల మిషన్ల మీద దాదాపు అందరూ ఆడవాళ్లే, వాళ్ల మీద సూపర్‌వైజర్లు ఎక్కువగా మగవాళ్లు. టార్గెట్ భయంతో నీళ్లు తాగడం కూడా మానేసిన వాళ్లను చూశా, బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని. నీలాంటి అమ్మాయి, వాళ్ల మాట మాట్లాడే అమ్మాయి, ఆ ఫ్లోర్ మీదికి మేనేజర్‌గా రావాలని నేను మనసారా కోరుకుంటున్నా. టార్గెట్ వేసేటప్పుడు అలసటకు, అవసరాలకు సమయం కలపాలని పుస్తకంలోనే ఉంటుంది, నువ్వు దాన్ని నిజంగా కలపాలి.

ఈ ఆదివారం ఒక పని చెయ్. అమ్మ జాకెట్ కుడుతుంటే ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టు. కటింగ్, చేతులు ఎక్కించడం, మెడ పట్టీ, హుక్స్, దేనికెంత పట్టిందో విడివిడిగా రాయి. పది జాకెట్లకు అలా రాసి, ఎక్కడ ఎక్కువ సమయం పోతోందో అమ్మతో కూర్చుని చూడు. అది చేస్తుంటే నీకు ఇష్టంగా అనిపిస్తే దరఖాస్తు పెట్టు. విసుగొస్తే, మళ్లీ ఆలోచిద్దాం.

ప్రశ్న: మేడం, నేను గార్మెంట్ ఫ్యాక్టరీలో రెండేళ్లుగా ఓవర్‌లాక్ మిషన్ మీద పనిచేస్తున్నా. పదో తరగతితో ఆపేశా. సూపర్‌వైజర్ కావచ్చా?

జవాబు: కావచ్చమ్మా, అలా ఎదిగిన వాళ్లతో నేను పనిచేశాను. ఓవర్‌లాక్ ఒక్కటే వస్తే అక్కడే ఉంచేస్తారు, అందుకే సింగిల్ నీడిల్, ఫ్లాట్‌లాక్ మిషన్లు కూడా నేర్చుకో, ఎవరైనా రాని రోజు ఆ మిషన్ మీద నేను కూర్చుంటానని అడుగు. గంటకు ఎన్ని పీసులు కుట్టావో, ఎన్ని ఆల్టర్‌కు, అంటే సరిచేయడానికి, తిరిగొచ్చాయో, ఎందుకొచ్చాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. ఏటీడీసీ, అంటే అపారెల్ ట్రైనింగ్ అండ్ డిజైన్ సెంటర్, వాళ్ల దగ్గర తక్కువ కాలపు కోర్సులు ఉంటాయి, వీలైతే చెయ్. రెండు నెలలు రాశాక ఆ నోట్‌బుక్ తీసుకుని నేరుగా ప్రొడక్షన్ మేనేజర్ దగ్గరికి పో.