అమెరికా కాలేజీ ఇస్తామన్న ఆర్థిక సాయం మరీ తక్కువైతే ఏం చేయాలి?

సీటు వచ్చింది కానీ సాయం అనుకున్నదానిలో సగం కూడా లేదు, కాలేజీని వదులుకోవలసిందేనా అని అడిగారు. అప్పుడే వదులుకోకండి. మళ్ళీ పరిశీలించమని కోరవచ్చు.

ముందు కాలేజీ పంపిన ఆర్థిక సాయం ఉత్తరంలోని అంకెలను విడదీయండి. గ్రాంటు, స్కాలర్‌షిప్ తిరిగి కట్టనక్కరలేదు. రుణం అప్పే. వర్క్ స్టడీ అంటే పనిచేసి సంపాదించుకోవలసిన జీతం. చాలా ఉత్తరాలు వీటన్నిటినీ కలిపేసి చూపిస్తాయి. ఏడాది మొత్తం ఖర్చులోంచి గ్రాంటు, స్కాలర్‌షిప్ మాత్రమే తీసేయండి. మిగిలిందే మీ ఇంటి మీద పడే భారం.

తరచుగా చిక్కు పాత ఆదాయంతోనే వస్తుంది. 2026-27 చదువుకు ఫాఫ్సా (అమెరికా ప్రభుత్వ విద్యా సాయం కోసం నింపే ఫారం) దరఖాస్తు చూసేది 2024 పన్ను వివరాలు. ఆ తర్వాత నాన్న ఉద్యోగం పోయినా, అమ్మ వైద్య ఖర్చులు పెరిగినా ఆ లెక్కలోకి రావు. ఇలాంటప్పుడు లెక్కను సవరించే అధికారం కాలేజీ ఆర్థిక సాయ విభాగానికి చట్టమే ఇచ్చింది. దాన్ని ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. పేజీకి మించకుండా ఉత్తరం రాసి, ఉద్యోగం తొలగింపు లేఖ, ఆసుపత్రి బిల్లులు జతచేయండి. “ఇంకొంచెం ఇవ్వండి” అనకండి, “ఏడాదికి 6,000 డాలర్లు తక్కువ పడుతోంది” అని స్పష్టంగా రాయండి. అదే స్థాయి కాలేజీ మరొకటి ఎక్కువ ఇస్తే ఆ ఉత్తరం నకలూ పంపండి.

చాలా కాలేజీల్లో సీటు ఖాయం చేసుకోవడానికి మే 1 గడువు. అంతలోగా జవాబు రాకపోతే పొడిగింపు అడగండి. అప్పు తప్పదనుకుంటే ముందు ఫెడరల్ రుణం (అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చే అప్పు) చూడండి. తల్లిదండ్రులపై ఆధారపడిన విద్యార్థికి మొదటి ఏడాది పరిమితి 5,500 డాలర్లు. అదీ చాలక పెద్ద ప్రైవేటు రుణానికి అమ్మానాన్నలు హామీ సంతకం పెట్టవలసి వస్తే, నేనైతే తక్కువ ఖర్చయ్యే మరో కాలేజీనే ఎంచుకోమంటాను.